వేడెక్కితే ఆగిపోయే పాత కారు: లోపం పెట్రోలులోనా, కాయిల్‌లోనా?

ఢిల్లీలోని ద్వారక. మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. సిగ్నల్ దగ్గర ఆగిపోయిన పాత అంబాసిడర్, అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. పాత కార్ల అభిమానులకు బాగా తెలిసిన తలనొప్పి ఇది.

కార్బ్యురేటర్ ఉన్న చాలా పాత కార్లలో పెట్రోలు పంపును ఇంజిన్‌కే బిగిస్తారు. కారు నిలబడితే గాలి తగలక ఇంజిన్ వేడి పంపుకు, గొట్టాలకు ఎక్కుతుంది. పెట్రోలు అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో తేలికైనవి సుమారు 40 డిగ్రీలకే మరగడం మొదలుపెడతాయి. పంపు పీల్చేటప్పుడు గొట్టంలో పీడనం తగ్గి, మరిగే ఉష్ణోగ్రత ఇంకా దిగుతుంది. పంపు ద్రవాన్ని నెట్టినట్టు ఆవిరిని నెట్టలేదు. అది నొక్కుకుపోయి మళ్లీ వ్యాకోచిస్తుంది. ఇదే వేపర్ లాక్. పంపుపై తడిగుడ్డ వేసే పాత డ్రైవర్ల అలవాటు ఉత్త నమ్మకం కాదు. నీరు ఆవిరవుతూ లోహపు వేడిని లాగేస్తుంది.

చిక్కేమిటంటే, ఇగ్నిషన్ కాయిల్ చెడినా లక్షణాలు ఇవే. వేడికి లోపలి చుట్ల ఇన్సులేషన్ బలహీనపడి స్పార్క్ పోతుంది, చల్లారాక తిరిగొస్తుంది. బాగున్న పంపును అనవసరంగా మార్చేది ఇక్కడే.

తేల్చడానికి ఇద్దరు కావాలి. తోటి అభిమాని తోడు అందుకే. ముందు గొట్టాలు కారడం లేదని చూడాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును దెబ్బతీస్తుంది. తర్వాత, కారు చల్లారకముందే, ఒకరు తాళం తిప్పితే మరొకరు ఇంజిన్ లోహానికి ఆనించిన స్పేర్ ప్లగ్‌ను గమనించాలి. నిప్పురవ్వ లేకుంటే ముందుగా అనుమానించాల్సింది కాయిల్‌ను. బలంగా వస్తుంటే పెట్రోలు దారిని వెతకాలి.