రీఫిల్లబుల్ పాడ్ 3 నెలల రివ్యూ: బ్యాటరీ సగానికి పడిపోయింది, కానీ తప్పు బ్యాటరీది కాదు

పోయిన నెల ఇంటికి బయల్దేరే ముందు మా బాబాయి కొడుకు నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. "అన్నా, వచ్చేటప్పుడు నాకొక పాడ్ తెస్తవా? బ్లూ కలర్ ఉంటే బ్లూ." వాడికి 19 ఏళ్లు, బీటెక్ సెకండ్ ఇయర్. సిగరెట్ అలవాటు లేదు. మరి ఎందుకురా అంటే, "ఊరికే, గాడ్జెట్ మస్తుగుంది కదా" అన్నాడు.

వాడికి ఇచ్చిన జవాబే ఈ రివ్యూ. నేను మాంచెస్టర్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నాను. బీటెక్ థర్డ్ ఇయర్‌లో కాలేజీ గేటు బయట టీ కొట్టు దగ్గర మొదలైన సిగరెట్, ఇక్కడికి వచ్చేసరికి రోజుకి పదికి చేరింది. అది మానడానికే ఈ డివైస్ సొంత డబ్బుతో కొన్నాను. మూడు నెలలు రోజూ వాడాను.

ముందే ఒక మాట. డివైస్ పేరు, మోడల్ నంబర్, కొనే లింక్ ఇందులో ఉండవు. ఇండియాలో వీటిని ప్రమోట్ చేయడం కూడా నేరమే, ఆ సంగతి కింద చెప్తాను. పైగా ఈ రేంజ్ పాడ్‌లన్నీ లోపల దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, ఒకదాని గురించి తెలిస్తే మిగతావీ అర్థమవుతాయి.

అసలు లోపల ఏముంది?

ఇప్పుడు మనం చూస్తున్న ఈ-సిగరెట్‌కి రూపం ఇచ్చింది హాన్ లిక్ అనే చైనా ఫార్మసిస్ట్, 2003లో. ఐడియా సింపుల్. పొగాకుని కాల్చకుండా, నికోటిన్ ఉన్న ద్రవాన్ని వేడి చేసి ఆవిరిగా పీల్చడం.

పాడ్ డివైస్‌లో రెండు ముక్కలుంటాయి. కింద బాడీ: బ్యాటరీ, చిన్న సర్క్యూట్ బోర్డు, గాలి లాగితే ఆన్ అయ్యే ప్రెషర్ సెన్సార్. పైన పాడ్: ద్రవం నింపే చిన్న ట్యాంక్, అందులో దూది, దూదికి ఆనుకుని కాయిల్. మనం పీల్చగానే సెన్సార్ పసిగడుతుంది, బోర్డు కాయిల్‌కి కరెంట్ పంపిస్తుంది, దూదిలో ఉన్న ద్రవం ఆవిరవుతుంది. పాడ్ మాగ్నెట్‌తో టక్ మని కూర్చుంటుంది. ద్రవం అయిపోతే మళ్లీ నింపుకుంటాం, కాయిల్ పాడైతే పాడ్ మాత్రం మారుస్తాం.

యూకేలో ఒకసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి నిషేధించారు. అందుకే ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా కనిపించేవి ఈ రీఫిల్ రకమే. ఇక్కడి రూల్ ప్రకారం ట్యాంక్ 2 ఎంఎల్ దాటకూడదు, ద్రవంలో నికోటిన్ ఎంఎల్‌కి 20 ఎంజీ దాటకూడదు, నికోటిన్ ద్రవం బాటిల్ 10 ఎంఎల్ మించకూడదు. 18 ఏళ్ల లోపు వాళ్లకి అమ్మకూడదు.

డిజైన్, బిల్డ్

ఇక్కడ ఫుల్ మార్కులు. అల్యూమినియం బాడీ, అరచేతిలో ఇమిడే సైజు, బరువు చేతికి తెలీదు. పక్కన గాలి ఎంత రావాలో సెట్ చేసుకునే స్లైడర్. బటన్ ఐదుసార్లు నొక్కితే ఆన్, మళ్లీ ఐదుసార్లు నొక్కితే ఆఫ్.

ఒక్క కంప్లైంట్. రెండో వారంలో జీన్స్ జేబులో లీక్ అయింది. పాడ్ తీసి, కాంటాక్ట్ పిన్‌ల మీద జిగురుని టిష్యూతో తుడిస్తే సరిపోయింది. కానీ అది వట్టి జిగురు కాదు, నికోటిన్ ఉన్న ద్రవం. చర్మంలోంచి కూడా ఒంట్లోకి వెళ్తుంది. మింగితే చిన్నపిల్లలకి ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలున్న ఇంట్లో బాటిల్‌ని టేబుల్ మీద వదిలేయడం అస్సలు కుదరదు.

కాయిల్ పర్ఫార్మెన్స్

ఫోన్‌కి ప్రాసెసర్ ఎలాగో దీనికి కాయిల్ అలాగ. నాది 0.8 ఓమ్ మెష్ కాయిల్. ఇంటర్‌లో చదివిన ఓమ్ సూత్రం గుర్తుందా? పవర్ అంటే వోల్టేజ్ స్క్వేర్ బై రెసిస్టెన్స్. 3.7 వోల్ట్‌ల బ్యాటరీని నేరుగా 0.8 ఓమ్‌కి కలిపితే సుమారు 17 వాట్లు. అదే 1.2 ఓమ్ అయితే సుమారు 11 వాట్లే. ఓమ్‌లు తగ్గేకొద్దీ వేడి, ఆవిరి పెరుగుతాయి, ద్రవం తొందరగా అయిపోతుంది. బోర్డు పాడ్ రెసిస్టెన్స్ చదివి వాట్లు తనే తగ్గించుకుంటుంది. నా దాంట్లో సగటున 12 వాట్లు.

కొత్త పాడ్ నింపగానే పీల్చకూడదు. పది నిమిషాలు ఆగితే దూది పూర్తిగా తడుస్తుంది. ఆగకపోతే పొడి దూది మాడి గొంతులో కాలిన గుడ్డ రుచి తగులుతుంది, ఆ పాడ్ ఇక చెత్తబుట్టకే. బాగా చూసుకుంటే ఒక్కో పాడ్ పది రోజుల దాకా వచ్చింది. తీపి ఎక్కువున్న ఫ్లేవర్‌లు వాడితే కాయిల్ మీద నల్లగా పేరుకుని వారానికే పోతుంది.

బ్యాటరీ: అసలు కథ ఇక్కడే

స్పెక్ 1000 ఎంఏహెచ్, టైప్-సి ఛార్జింగ్. లెక్క చూద్దాం. 3.7 వోల్ట్‌లు, 1 ఆంపియర్ అవర్ అంటే 3.7 వాట్ అవర్లు. 12 వాట్ల దగ్గర ఆపకుండా నడిస్తే 18 నిమిషాల చిల్లర. ఒక్కో పఫ్ 3 సెకన్లు అనుకుంటే లెక్క ప్రకారం 370 పఫ్‌లు. వేడిగా, సర్క్యూట్‌లో పోయేది తీసేస్తే ఇంకొంచెం తక్కువ.

మొదటి వారంలో నాకు ఛార్జ్ రెండు రోజులు వచ్చింది. ఆరో వారం వచ్చేసరికి రోజూ పడుకునే ముందు ఛార్జింగ్ పెట్టాల్సి వస్తోంది. సగానికి సగం డ్రాప్! నెలన్నరకే లిథియం బ్యాటరీ ఇంత పడిపోదు కదా, డిఫెక్టివ్ పీస్ ఇచ్చారని షాపుకి మెయిల్ కూడా టైప్ చేశాను.

పంపే ముందు, బగ్ రిపోర్ట్ రాసేవాడికి లాగ్‌లు చూసే అలవాటు ఉంటుంది కదా, నేను కూడా చూశాను. నా దగ్గరున్న లాగ్ ఒక్కటే, బ్యాంక్ యాప్‌లో ద్రవం బాటిళ్లు కొన్న తేదీలు. మొదటి 10 ఎంఎల్ బాటిల్ 8 రోజులు వచ్చింది. చివరిది 4 రోజులే.

అంటే బ్యాటరీ బాగానే ఉంది. నేనే రెట్టింపు పీలుస్తున్నాను. 20 ఎంజీ ద్రవం కాబట్టి రోజుకి 25 ఎంజీ నికోటిన్ ఆవిరి చేస్తున్నవాడిని 50కి చేరాను. ఇదంతా ఒంట్లోకి వెళ్లదు, కొంత బయటికి పోతుంది. కానీ మూడు నెలల్లో ఒక్క సిగరెట్ కూడా తాగలేదని గర్వపడుతున్న మనిషి, అసలు తగ్గించుకోవాల్సిన దాన్ని డబుల్ చేసుకున్నాడు. అదీ తనకి తెలియకుండా.

స్పెక్ షీట్‌లో లేని నంబర్

ఎందుకు తెలియలేదు? దీనికి రెండు కారణాలు, రెండూ డిజైన్‌లోనే ఉన్నాయి.

ఒకటి, నికోటిన్ సాల్ట్. మామూలు నికోటిన్ గాఢత పెంచితే గొంతు మండుతుంది, మనిషి తనే ఆగుతాడు. దాన్ని బెంజోయిక్ లాంటి ఆమ్లంతో కలిపి సాల్ట్‌గా మారిస్తే ఘాటు తగ్గిపోతుంది. 2015లో వచ్చిన జూల్ అమెరికా కుర్రకారులో పాకడానికి ఈ మృదుత్వం పెద్ద కారణం. ఇప్పుడు పాడ్ ద్రవాల్లో ఎక్కువ భాగం ఇదే టెక్నిక్. ఇంజినీరింగ్‌గా గొప్పదే, కానీ "చాల్లే" అని చెప్పే గొంతు మంటని తీసేసింది.

రెండు, సిగరెట్‌కి చివర ఉంటుంది. వెలిగిస్తాం, ఐదారు నిమిషాల్లో అయిపోతుంది, పారేస్తాం. ఇంకోటి కావాలంటే లేచి బయటికి వెళ్లాలి, మాంచెస్టర్ వానలో తడవాలి. పాడ్‌కి ఆ చివర లేదు. మీటింగ్‌లో కెమెరా ఆఫ్ చేసి ఒక పఫ్. కోడ్ కంపైల్ అవుతుంటే ఒకటి. రాత్రి రెండింటికి మెలకువ వస్తే దిండు పక్కనే ఉంది, ఒకటి. సిగరెట్ కాలంలో నేనెప్పుడూ నిద్ర మధ్యలో లేచి తాగలేదు.

మన ఫోన్ స్క్రీన్ టైమ్ చూపిస్తుంది, వాచ్ అడుగులు లెక్కపెడుతుంది. స్క్రీన్ ఉన్న కొన్ని పాడ్‌లు పఫ్‌లు చూపిస్తాయి. నా దాంట్లో మాత్రం ఉన్నది మూడు రంగుల ఎల్‌ఈడీ. అది బ్యాటరీ ఎంత మిగిలిందో చెప్తుంది తప్ప, నేను ఎంత మిగిలానో చెప్పదు.

తర్వాత నేనే ఒక షీట్ పెట్టుకున్నాను. బాటిల్ తెరిచిన తేదీ, అయిపోయిన తేదీ, స్ట్రెంగ్త్. 10 ఎంజీకి దిగగానే మొదట 3 రోజులకే బాటిల్ ఖాళీ, తక్కువైన నికోటిన్ కోసం ఒళ్లు ఎక్కువ పఫ్‌లు అడిగింది. గదిలో వాడకూడదు, బాల్కనీలోనే అని రూల్ పెట్టుకున్నాక 5 రోజులకి వచ్చింది. అంటే రోజుకి 20 ఎంజీ. డివైస్‌కి లేని చివరని నేనే పెట్టాల్సి వచ్చింది.

సిగరెట్ కంటే బెటరా?

సిగరెట్ తాగేవాడికి, పూర్తిగా దీనికి మారితే, అవును. ఇక్కడి ఎన్‌హెచ్‌ఎస్ చెప్పేది ఇదే. పొగాకు కాలదు కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ ఉండవు. నా పొద్దుటి దగ్గు నెలలో పోయింది, ఆఫీసు మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నాను. డబ్బు పరంగా కూడా, 20 సిగరెట్ల పెట్టె దాదాపు 15 పౌండ్లు ఉన్న చోట ఒక ద్రవం బాటిల్ నాలుగు పౌండ్లకి వస్తుంది.

కానీ అదే ఎన్‌హెచ్‌ఎస్ రెండో వాక్యం కూడా చెప్తుంది. రిస్క్ లేనిది కాదు, తాగని వాళ్లు మొదలుపెట్టకూడదు. ఈ రెండో వాక్యం రీల్స్‌లో కనిపించదు.

ఇంకోటి, ఊరూ పేరూ లేని ద్రవాలు. 2019లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ప్రధానంగా తేలింది, దొంగచాటు గంజాయి ద్రవాల్లో కలిపిన విటమిన్-ఈ అసిటేట్. నిషేధం ఉన్న చోట దొరికే సరుకులో ఏం కలిపారో చెక్ చేసేవాళ్లు ఉండరు.

ఇండియాకి తేవచ్చా?

తేకూడదు. 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్, ఆ డిసెంబర్‌లో చట్టం వచ్చాయి. ఈ-సిగరెట్ తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నిల్వకి విడిగా ఆరు నెలల దాకా జైలు లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. లగేజీలో ఒక్కటే తెచ్చినా అది బయటి దేశం నుంచి తెచ్చిన సరుకే. ఊరికెళ్లే స్టూడెంట్స్ ఇది గుర్తుపెట్టుకోండి.

సో, నా డివైస్‌ని మాంచెస్టర్‌లో డ్రాయర్‌లో పెట్టి శంషాబాద్‌లో దిగాను. చెల్లి పెళ్లికి ఖమ్మంలో 16 రోజులు. ఆ రెండు వారాలే అసలైన స్ట్రెస్ టెస్ట్. రెండో రోజుకే తల దిమ్ము, చిరాకు. పెళ్లి కార్డుల లిస్ట్ గురించి అమ్మ ఏదో అడిగితే కసురుకున్నాను. ఆమె ఏమీ అనలేదు, "నిద్ర సరిపోయినట్టు లేదు నాన్నా" అంది. మూడో రోజు సాయంత్రం టీ కొట్టు దగ్గర ఒక సిగరెట్ తాగేశాను. మూడు నెలల తర్వాత మొదటిది. దాచడానికేం లేదు, ఇది రివ్యూ.

మర్నాడు మెడికల్ షాపులో 2 ఎంజీ నికోటిన్ గమ్ కొన్నాను. చట్టబద్ధంగా దొరుకుతుంది, ఏ రోజు ఎన్ని నమిలానో స్ట్రిప్ చూస్తే తెలిసిపోతుంది. మిగతా రోజులు దాంతోనే గడిచాయి. మానాలనుకునేవాళ్లకి కేంద్ర ప్రభుత్వ టోల్ ఫ్రీ క్విట్‌లైన్ కూడా ఉంది, 1800-11-2356.

ప్లస్‌లు: బిల్డ్ క్వాలిటీ, టైప్-సి, తక్కువ ఖర్చు, డిస్పోజబుల్‌తో పోలిస్తే తక్కువ ఈ-వేస్ట్. సిగరెట్ మానాలనుకునేవాడికి నిజంగా పనికొస్తుంది.

మైనస్‌లు: లీకేజ్, ఎంత వాడామో చెప్పే మీటర్ లేకపోవడం, ఎప్పుడు ఆపాలో తెలియకపోవడం, ఇండియాలో చట్టవిరుద్ధం.

ఫైనల్ వర్డిక్ట్

హార్డ్‌వేర్‌కి 10కి 8. రికమెండేషన్ మాత్రం ఒక్కరికే: చట్టం ఒప్పుకునే దేశంలో ఉండి, ఇప్పటికే సిగరెట్ తాగుతూ, మానాలని గట్టిగా అనుకునేవాళ్లకి. వాళ్లు కూడా మొదటి రోజు నుంచే బాటిల్ తేదీలు రాసుకోండి. తిరిగొచ్చాక నేను 6 ఎంజీకి దిగాను, ఇప్పుడు బాటిల్ 7 రోజులు వస్తోంది. రోజుకి 9 ఎంజీ లోపే. షీట్‌లో ఆఖరి లైన్ సున్నా అయ్యాక డివైస్‌ని ఇక్కడి బ్యాటరీ రీసైక్లింగ్ డబ్బాలో వేసేస్తాను.

మా తమ్ముడికి ఇయర్‌బడ్స్ తీసుకెళ్లాను. బ్లూ కలరే. వాడు కాస్త ముఖం మాడ్చుకున్నాడు, "పాడ్ ఎందుకు తేలేదన్నా" అన్నాడు. ఫోన్‌లో నా షీట్ తెరిచి చూపించాను. కాసేపు చూసి, "మరి ఈ 50 ఏంది?" అని అడిగాడు. అక్కడి నుంచే మొదలుపెట్టి వాడికి చెప్పాను.