నిన్నటిదాకా వీపున మోసిన పిల్లనే.. తెల్ల ఈకలు రాగానే తరిమేస్తుంది! హంసలు ఎందుకిలా చేస్తాయి?

ఓ పెద్ద హంస రెక్కలు పైకెత్తి, మరో కుర్ర హంసను చెరువంతా తిప్పి తిప్పి తరుముతుంటుంది. దొరికితే మెడ పట్టుకుని నీళ్లలో ముంచేస్తుంది కూడా. ఇలాంటి వీడియోలు అప్పుడప్పుడు మొబైల్‌లో కనిపిస్తుంటాయి. రెండు శత్రువుల కొట్లాట అనుకుంటాం. కానీ చాలాసార్లు తరిమేది తండ్రి, పారిపోయేది సొంత పిల్ల.

ఇవి మ్యూట్ స్వాన్ అనే రకం. మన దేశంలో చాలా అరుదు. మనకు హంస అంటే పాలనూ నీళ్లనూ వేరు చేసే కథల పక్షి గానీ, ఇంగ్లండ్‌లో అయితే పార్కు చెరువుల్లోనే తిరుగుతుంటాయి.

మరి ఆ తండ్రి మొదటి నుంచీ అంత కఠినమా? అస్సలు కాదు. ఆడ హంస సాధారణంగా 5 నుంచి 7 గుడ్లు పెడుతుంది. అన్నీ పెట్టాకే పొదగడం మొదలుపెడుతుంది, అందుకే పిల్లలన్నీ దాదాపు ఒకేసారి బయటికొస్తాయి. ఆ 5 వారాలూ తల్లి సరిగ్గా తినదు, బరువు తగ్గిపోతుంది. తండ్రిది కాపలా డ్యూటీ. 10 కిలోలు దాటే ఆ పక్షి దగ్గరికి కుక్కలు, నక్కలు కూడా ఆలోచించే వెళ్లాలి. పక్క జంట పిల్ల పొరపాటున తన హద్దులోకి వస్తే చంపేసినా చంపేస్తుంది.

పిల్లలకు ఇవి నోట్లో తిండి పెట్టవు. పొడవాటి మెడ ముంచి, అడుగున ఉన్న నీటి మొక్కలు పీకి పైకి తెస్తాయి. పిల్లలు తేలుతున్నవి ఏరుకు తింటాయి. అలసట వచ్చినా, చలేసినా తల్లి వీపెక్కి రెక్కల మధ్య దూరిపోతాయి. అక్కడుంటే వెచ్చదనమే కాదు, కింద నుంచి పట్టేసే పైక్ చేప భయమూ ఉండదు.

నాలుగైదు నెలలకు పిల్లలు ఎగరడం నేర్చుకుంటాయి. గోధుమ రంగు ఈకలు పోయి తెల్లవి రావడం మొదలవుతుంది. అసలు సమస్య ఇక్కడే. గోధుమ రంగు ఉన్నంతకాలం 'ఇది పిల్ల' అన్న గుర్తు. తెల్లబడ్డాక తండ్రికి అది తన చోటు కోసం వచ్చిన పోటీదారులా కనిపిస్తుంది. దీనికి ఓ ఆధారం కూడా ఉంది. పోలిష్ స్వాన్ అని పిలిచే రకంలో పిల్లలు పుట్టుకతోనే తెల్లగా ఉంటాయి. వాటిని పెద్దవి ఇంకా ముందే తరిమేస్తాయని పక్షి శాస్త్రవేత్తలు గమనించారు.

వసంతం వస్తే మళ్లీ గూడు, మళ్లీ గుడ్లు. చిన్న చెరువులో ఉన్న మేత పాత పిల్లలకూ కొత్త పిల్లలకూ చాలదు. కొన్ని జంటలు మాత్రం చలికాలమంతా పిల్లల్ని దగ్గరే ఉండనిస్తాయి.

తరిమేసిన పిల్లలు తమలాంటి కుర్ర హంసల గుంపుల్లో కలుస్తాయి. సొంత జంట, గూడు కట్టుకోవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. కానీ అన్నీ నేరుగా గుంపుకు చేరవు. సరిగ్గా ఎగరడం రాక, తడిసిన రోడ్డును చూసి నీళ్లనుకుని దిగేసేవీ ఉంటాయి. మళ్లీ గాల్లోకి లేవాలంటే వాటికి చాలా దూరం పరుగు కావాలి.