చెక్కు ప్రయాణము – బ్యాంకు లాక్‌బాక్సు

ఢిల్లీ లక్ష్మీ నగర్ డిస్ట్రిక్ట్ సెంటర్‌లోని స్కోప్ మీనార్ పలు ప్రభుత్వ రంగ సంస్థల కార్యాలయాలకు నిలయము. ఆ పరిసరాలలో నివసించు మన కుటుంబాలకు విద్యుత్ బిల్లు చెక్కును డ్రాప్ బాక్సులో వేయుట పరిచితమైన విషయమే. 2002 జూలైలో ఢిల్లీ విద్యుత్ బోర్డు విభజింపబడి, తూర్పు ఢిల్లీ సరఫరా బి.ఎస్.ఇ.ఎస్. యమునా పవర్ పరిధిలోనికి వచ్చినది. బోర్డు మారినను పెట్టె మారలేదు. అందులో పడిన చెక్కు ఆ తరువాత ఏమగునో మనలో చాలమంది ఆలోచించి యుండము.

పాత పద్ధతిలో చెక్కు మొదట టపా విభాగములో నమోదై, లెక్కల విభాగమునకు, అచ్చట నుండి క్యాషియరుకు, చివరకు బ్యాంకుకు చేరెడిది. ఈ కాలయాపనను తొలగించుటకే 1940ల చివర అమెరికాలో లాక్‌బాక్సు సేవ రూపొందినది. ఇందులో చెక్కులు సంస్థకు గాక, బ్యాంకు తాళము తీయగల తపాలా పెట్టెకు చేరును. బ్యాంకు సిబ్బంది రోజుకు పలుమార్లు వాటిని తెచ్చి, కవర్లు విప్పి, సొమ్ము జమచేసి, వివరములను మాత్రమే సంస్థకు పంపుదురు. కవరు విప్పు చేయి, లెక్క వ్రాయు చేయి వేరగుట వలన అక్రమాలకు అవకాశము తగ్గును. మన దేశమున బ్యాంకులు నగదు నిర్వహణ సేవల పేరుతో ఇటువంటి వసూళ్లు నిర్వహించుచున్నవి.

దినమునకు కోటి రూపాయలు వసూలు చేయు సంస్థను ఊహింతము. చెక్కు ప్రయాణము మూడు దినములు తగ్గినచో మూడు కోట్లు ముందుగా చేతికందును. పది శాతము వడ్డీపై ఇది ఏటా 30 లక్షలు. పైపులో నిలిచిన నీటిని చూచి బాధపడు మా వంటి ఇంజనీర్లకు ఈ లెక్క సులభముగా బోధపడును.

అయితే వడ్డీ కంటె ముఖ్యమైనది మరొకటి కలదని మా అభిప్రాయము. జమయైన సొమ్ము ఎవరిదో తెలియవలెను. చెక్కుపై వినియోగదారు సంఖ్య లేనిచో అది సస్పెన్స్ ఖాతాలో నిలిచిపోవును. సొమ్ము చెల్లించిన గృహస్థునకు మాత్రము బకాయి నోటీసు వచ్చును! చెక్కు అడుగున ముద్రించు తొమ్మిది అంకెల ఎం.ఐ.సి.ఆర్. సంకేతము నగరమును, బ్యాంకును, శాఖను తెలుపునే గాని, ఏ బిల్లుకు చెల్లించితిమో తెలుపజాలదు. ఆ పని మన కలమే చేయవలెను.

2008 ఫిబ్రవరిలో ఢిల్లీ ప్రాంతమున చెక్ ట్రంకేషన్ ఆరంభమైనప్పటి నుండి కాగితమునకు బదులు దాని ప్రతిబింబమే బ్యాంకుల మధ్య పయనించుచున్నది. 2025 అక్టోబరు 4 నుండి చెక్కులను దినమంతయు ఎప్పటికప్పుడు పరిష్కరించు విధానము వచ్చినది. క్లియరింగు ఎంత వేగమైనను, పెట్టెలో పడియున్న చెక్కుకు అది వర్తింపదు గదా!

డ్రాప్ బాక్సు రసీదు ఇయ్యదు. గడువు సమీపించినపుడు కౌంటరు వద్దకే వెళ్లుట మేలు. బ్యాంకు శాఖలలో డ్రాప్ బాక్సు ఉన్నను, కౌంటరులో చెక్కు ఇచ్చిన ఖాతాదారునకు రసీదు నిరాకరింపరాదని రిజర్వు బ్యాంకు ఆదేశించి యున్నది.