అన్నంలోని పంచదార

మన తాతముత్తాతలు 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవులో ఓడలెక్కి ఫిజీ చేరారు. ఐదేళ్ల గిర్మిట్ కింద చెరకు తోటల్లో చాకిరీ చేశారు. వారి సంతతిలో కొందరం ఫిజీ విడిచి అమెరికా వచ్చి హేవర్డ్, శాక్రమెంటో, మొడెస్టో ప్రాంతాల్లో స్థిరపడ్డాం. ఇప్పుడు ఏ పెళ్లిలో నలుగురం కూడినా ముందుగా వినపడే మాట "మీకు షుగరు ఎంతుంది?" అని.

చాలామంది టీలో పంచదార మానేసి, పళ్లెంలో అన్నం మాత్రం ఎప్పటిలాగే రాశిగా పోసుకుంటారు. ఇక్కడే పొరపాటు జరుగుతోంది. అన్నం ముద్దను మింగకుండా కాసేపు నమలండి, తియ్యదనం తెలుస్తుంది. ఉమ్మిలోని అమైలేజ్ పిండిపదార్థాన్ని అప్పుడే చక్కెరగా విడగొడుతోందన్నమాట. మిగిలిన పని చిన్నప్రేగుల్లో పూర్తయి, అన్నమైనా, రొట్టె అయినా, చేమదుంప, కర్రపెండలమైనా చివరకు గ్లూకోజుగానే రక్తంలో చేరుతుంది. ఒక కప్పు తెల్లన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. బియ్యం సంచి మీద "షుగర్స్ 0" అని ఉంటే మోసపోకండి. దానికి పైన ఉండే "టోటల్ కార్బోహైడ్రేట్" వరుస చూడండి.

గ్లూకోజు చెడ్డది కాదు. మెదడుకూ కండరాలకూ అదే ఇంధనం. క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ దాన్ని కణాల్లోకి పంపుతుంది. కొంత కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది, అదీ నిండితే మిగిలినది కొవ్వవుతుంది. పొద్దంతా చెరకు నరికినవారికి ఆ నిలవ ఏ పూటకాపూట కరిగిపోయేది. మనం కారెక్కి పనికి పోయి కుర్చీలో కూర్చుంటున్నాం, పళ్లెం మాత్రం తాతగారి కొలతే.

పీచు ఉంటే గ్లూకోజు నెమ్మదిగా రక్తంలో చేరుతుంది. అందుకే పప్పు, కూర ఎక్కువ, అన్నం తక్కువ తినమంటారు. బెల్లం, తేనె మంచివే కదా అని మా పెద్దమ్మలు వాదిస్తారు గాని, రక్తం దగ్గరకొచ్చేసరికి అవీ చక్కెరలే.

అసలు ముప్పు సీసాల్లోని తీపి నీళ్లది. 12 ఔన్సుల కోకకోలా డబ్బాలో 39 గ్రాముల చక్కెర, అంటే సుమారు పది చెంచాలు. అందులో మన చెరకు కూడా లేదు, 1980ల నుంచి అమెరికాలో మొక్కజొన్న పాకమే పోస్తున్నారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2009లో, విడిగా కలిపిన చక్కెర రోజుకు ఆడవారికి 25, మగవారికి 36 గ్రాములకు మించరాదని చెప్పింది. ఒక్క డబ్బాతో ఇద్దరి హద్దూ దాటిపోతుంది. డబ్బా మీద "యాడెడ్ షుగర్స్" అనే వరుసలో ఆ లెక్క దొరుకుతుంది.

మనవంటి ఆసియా సంతతివారికి ఒళ్లు మరీ లావెక్కకముందే మధుమేహం పట్టుకుంటుంది. అందుకని 2015 నుంచి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ బి.ఎం.ఐ. 25 బదులు 23 దాటితేనే మనవారికి పరీక్ష చేయమంటోంది. ఇన్సులిన్, మాత్రలు వాడుతున్నవారు మాత్రం ఒక్కసారిగా అన్నం తగ్గించకండి, చక్కెర మరీ పడిపోవచ్చు. ముందు డాక్టరుతో మాట్లాడండి.