తుపాకీ పట్టే ఉద్యోగం – తెలుసుకోవలసిన సంగతులు



పరీక్షలు అయిపోయి, ట్రంకు పెట్టె సర్దుకుని ఇంటికి బయలుదేరే రోజున మనలో చాలామందిని వేధించే ప్రశ్న ఒక్కటే: ఇక ఏం చెయ్యాలి? మేము హాస్టల్లో ఉన్నప్పుడు మా గదిలోని ఒక మిత్రుడు ఇంటర్ తప్పాక, గన్‌మెన్ ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెంటు మాట నమ్మాడు. కౌలు చేలో పండిన మిరపకాయలు అమ్మిన డబ్బు వాళ్ల నాన్న తెచ్చి కట్టాడు. చివరికి వాడి చేతికొచ్చింది ఒక కర్ర, ఒక విజిలు, కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర పన్నెండు గంటల రాత్రి డ్యూటీ. ఇంకొకరికి ఇలా జరగకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో పత్తి మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, బ్యాంకులు ఎన్నో ఉన్నాయి. అన్నిటికీ కాపలా కావాలి. కానీ వాటిలో ఎక్కువ ఉద్యోగాలు తుపాకీ లేనివే. తుపాకీ అవసరం ముఖ్యంగా డబ్బు తీసుకెళ్లే వ్యాన్ల దగ్గర. 2018 కేంద్ర నియమాల ప్రకారం అలాంటి వ్యానుకు ఇద్దరు సాయుధ గార్డులు ఉండాలి.

గార్డుకు కావలసిన అర్హతలు 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టంలో ఉన్నాయి. వయసు 18 నుండి 65 ఏళ్ల లోపు. నడవడికపై విచారణ జరుగుతుంది. శిక్షణ తప్పనిసరి. 2006 నమూనా నియమాల్లో శిక్షణ తరగతిలో 100 గంటలు, బయట 60 గంటలు అని, పురుషులకు ఎత్తు 160 సెంటీమీటర్లు, స్త్రీలకు 150 అని నిర్ణయించారు.

ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. ఏజెన్సీ లైసెన్సు వేరు, తుపాకీ లైసెన్సు వేరు. శిక్షణ సర్టిఫికెట్ చూపిస్తే తుపాకీ ఇవ్వరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివారికి లైసెన్సు రాదు. నిండినవారికైనా పోలీసు విచారణ జరిగాకే ఇస్తారు. సైన్యంలో, పోలీసు శాఖలో పనిచేసినవారికి ప్రాధాన్యం ఇవ్వాలని 2005 చట్టమే చెబుతోంది. అందుకే ఈ పనిలో మాజీ సైనికులు ఎక్కువగా కనిపిస్తారు.

ఇంకొక మాట. గార్డు పోలీసు కాదు. పోలీసు దుస్తులను పోలిన యూనిఫాం వేసుకుంటే గార్డుకూ, యజమానికీ ఏడాది వరకు జైలు పడవచ్చు. తుపాకీ పేల్చడానికి అతనికి ప్రత్యేక అధికారమేమీ లేదు. అందరికీ ఉన్న ఆత్మరక్షణ హక్కే అతనికీ ఉంది. అవసరానికి మించి బలం వాడితే కేసు అతని మీదే పడుతుంది.

కనుక ఎవరైనా ఉద్యోగం ఇస్తామంటే ముందు మూడు అడగండి: ఏజెన్సీ లైసెన్సు ఏది? శిక్షణ ఎక్కడ? ఫొటో గుర్తింపు కార్డు, పి.ఎఫ్. ఇస్తారా? జవాబు చెప్పకుండా డబ్బు అడిగితే లేచి వచ్చెయ్యండి.

నిజంగా తుపాకీ పట్టాలని ఉంటే రాజమార్గం ఒకటుంది. పదో తరగతి చదువుతో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ కానిస్టేబుల్ (జి.డి.) పరీక్ష రాయవచ్చు. ఎస్సీ, ఎస్టీలకు వయసులో 5 ఏళ్ల సడలింపు ఉంది. పురుషులు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో, స్త్రీలు 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో పరుగెత్తాలి. దీనికి ఏ ఏజెంటూ అక్కరలేదు.

మా మిత్రుడి డబ్బు తిరిగి రాలేదు. వాడు మళ్లీ పరీక్ష కట్టి ఇంటర్ పాసయ్యాడు. ఇప్పుడు రోజూ తెల్లవారుజామున చెరువుకట్ట మీద పరుగు తీస్తున్నాడు. వాడు గెలవాలని మనమందరం కోరుకుందాం.