వింబుల్డన్ ఉత్సవము – ఆటస్థలమునకు వెలుపలి వేడుకలు



లండను నగరమునకు నైరృతి దిక్కున వింబుల్డన్ అను చోట ఏటేట జరుగు టెన్నిస్ పోటీలను గూర్చి మీరు వినియే యుందురు. ఎవరు గెలిచిరో, ఎవరు ఓడిరో పత్రికలు ప్రకటించును. నేను చెప్పబోవునది ఆ గెలుపోటములను గూర్చి కాదు. ఆట చూడవచ్చిన జనులు ఆటస్థలమునకు వెలుపల దినమెట్లు గడపుదురు, ఏమి తిందురు, ఎక్కడ కూర్చుందురు, లోపల చోటు దొరకనివారి గతి యేమి, అను సంగతులను మనవి చేసెదను. తిరునాళ్లు నడపి యెరిగిన మీకు ఇవి వట్టి వినోదవిషయములుగా తోపవు. ఏ యుత్సవమునందైనను గర్భాలయమును చేరగలవారు కొందరే. ప్రాంగణమున నిలుచువారు వేలకొలది. ఆ వేలమందిని ఆదరించు తీరునుబట్టియే ఉత్సవము యొక్క గొప్పదనము తెలియును.

ఈ పోటీలు మొదట 1877వ సంవత్సరమున జరిగినవి. నాడు ఆడినవారు 22 మంది. కడపటి ఆటను తలకొక షిల్లింగు చెల్లించి చూచినవారు సుమారు 200 మంది. ఇప్పటి స్థలమునకు పోటీలు 1922లో మారినవి. నేడు ఒక్క దినమున నలువది వేలకు పైగా జనులు వత్తురు. పచ్చిక పరచిన ఆటస్థలములు 18 కలవు. వానిలో పెద్దదియగు సెంటర్ కోర్టునందు సుమారు 15,000 మంది మాత్రమే కూర్చుండగలరు. తక్కినవారు ఏమి కావలెను? దానికి అచ్చటివారు చేసిన యేర్పాటులే నేటి ప్రసంగవిషయము.

టిక్కెట్లను ముందుగా కోరువారికి చీట్లు తీసి పంచు పద్ధతి 1924 నుండి కలదు. అందు పేరు రానివారికిని దారి మూయలేదు. ఆనాటి టిక్కెట్టును ఆనాడే కొనగోరువారు ప్రక్కనున్న వింబుల్డన్ పార్కు మైదానమున వరుసగట్టుదురు. కొందరు ముందురాత్రియే వచ్చి, ఇద్దరు పట్టు చిన్న గుడారములు వేసికొని నిదురింతురు. వచ్చిన ప్రతివానికిని తేదీయు సంఖ్యయు గల చీటి యొకటి ఇత్తురు. ఆ చీటియే వాని స్థానము. ఒకరి చీటి మరియొకరికి చెల్లదు. రానివానికొరకు చోటు పట్టి యుంచుట కూడదు. చీటి చేతనుండుటచే త్రోపులాట యక్కరలేదు. కాలకృత్యములకై కొంతసేపు వెడలి మరల రావచ్చును. తెల్లవారుచుండగా కార్యకర్తలు వచ్చి అందరను లేపి, గుడారములు మడపించి, వరుసను దగ్గరకు జరుపుదురు. గుడారములను దాచుటకు వేరుగా చోటు కలదు. మనిషికి ఒక్క టిక్కెట్టే. రాత్రియంతయు ప్రక్కప్రక్కనున్నవారు ఉదయమునకు చుట్టములవలె నగుదురు. ఈ వరుసలో నిలుచుటకే ఏటేట వచ్చువారును కలరు.

లోనికి పోయినపిదప సామాన్యపు టిక్కెట్టు గలవానికి చూడదగినవి పెక్కు. చిన్న ఆటస్థలములచెంత ఆటగాండ్రకు కొద్ది అడుగుల దూరముననే నిలువవచ్చును. పెద్ద మంటపమున వెనుకవరుసవానికి ఈ భాగ్యము లేదు. రెండవ వారమున బాలబాలికల పోటీలు జరుగును. నేటి బాలుడే రేపటి మేటి. 1954లో బాలుర పోటీని గెలిచిన రామనాథన్ కృష్ణన్ 1960, 1961 సంవత్సరములలో పెద్దల పోటీయందు సెమీఫైనలు వరకు వచ్చెను. 2003లో బాలికల జంటపోటీ గెలిచిన మన హైదరాబాదు ఆడపడుచు సానియా మీర్జా 2015లో మార్టినా హింగిసుతో కూడి స్త్రీల జంటపోటీనే గెలిచెను.

పదునెనిమిదవ సంఖ్య గల ఆటస్థలము గోడకు ఒక ఫలకము కలదు. అమెరికావాడగు జాన్ ఇస్నరును, ఫ్రాన్సువాడగు నికొలా మాహూయు 2010లో ఇచ్చట మూడు దినములలో 11 గంటల 5 నిమిషములు ఒక్క ఆటనే ఆడిరి. గెలిచినవానితో పాటు ఓడినవాని పేరును ఆ ఫలకముపై చెక్కిరి.

ఇక అందరికిని ప్రియమైన చోటు ఒక పచ్చికదిబ్బ. ఎదుట నున్న ఒకటవ సంఖ్య ఆటస్థలపు వెలిగోడపై పెద్ద తెర యొకటి అమర్చిరి. లోపల చోటు దొరకనివారు దిబ్బపై కూర్చుండి, లోపలి యాటను తెరపై చూతురు. దీని అసలు పేరు అయొరాంగి. జనులు మాత్రము హెన్‌మన్ కొండ యందురు. టిమ్ హెన్‌మన్ అను ఆంగ్లేయుడు నాలుగుమారులు సెమీఫైనలు వరకు వచ్చియు, ఒక్కమారైనను గెలువలేదు. అయినను జనులు కొండకు ఆయన పేరే పెట్టిరి. ఈ సంగతి నాకు మిక్కిలి నచ్చినది.

ఇంటినుండి తెచ్చుకొన్న భోజనమును ఆ దిబ్బపైననే విప్పి తినవచ్చును. అడ్డు చెప్పువారు లేరు. కొనువారికి స్ట్రాబెరీలును మీగడయు ప్రసిద్ధము. ఇది తోలు లేని యెర్రని మెత్తని పండు. గింజలు పైననే యుండును. పోటీలు జరుగునది జూన్ చివరను, జూలై మొదటను. ఆ పండు కాపునకు వచ్చు కాలమును అదియే. కెంటు మండలమున కోసిన పండ్లు తాజాగా అచ్చటికి చేరును. 2010 నుండి 2024 వరకు గిన్నె వెల రెండున్నర పౌండ్లే. 2025లో రెండు పౌండ్ల డెబ్బది పెన్నీలు చేసిరి. తిరునాళ్లలో ధరలు పెంచుట సులభము. పదునైదేండ్లు పెంచక నిలుపుటయే కష్టము.

1977లో తెరచిన టెన్నిస్ వస్తుప్రదర్శనశాల కలదు. పావురములను బెదరించుటకు పెంచు డేగయు కలదు.

అన్నింటికంటె మెచ్చదగినది మరియొకటి. పెద్ద ఆటస్థలములనుండి ముందుగా ఇండ్లకు వెడలువారి స్థానములను, లోపలనే వరుసలోనున్న ఇతరులకు తక్కువ వెలకు ఇత్తురు. ఆ సొమ్ము ధర్మకార్యములకు పోవును. ఈ యాచారము 1954 నుండి నడచుచున్నది. ఖాళీగా పడియుండవలసిన చోటు ఒకనికి కన్నులపండువగును, మరియొకనికి అన్నమగును.

ఐతే అచ్చట అందరును సమానులని చెప్పజాలను. ఐదేండ్ల కొరకు పెద్ద మొత్తములు చెల్లించి ధనికులు ముందే కొనియుంచుకొను ఆసనములు కలవు. వానిని తాము కోరిన వెలకు అమ్ముకొనవచ్చును కూడ. ధనమున్నవానికి ముందువరుస అచ్చటను తప్పలేదు. కాని అది లేనివానిని గేటుకడ నిలిపి తిప్పిపంపుటతో వారు తృప్తిపడలేదు.

మన యూళ్ల తిరునాళ్లలో వరుసకు సంఖ్యాచీటి, ముందుగా వెడలినవాని చోటు వెనుకవానికి, దూరమున నున్నవానికిని కనబడు ఏర్పాటు, తెచ్చుకొన్న మూట విప్పి తినుటకు నీడగల చోటు – ఈ నాలుగింటికి గొప్ప ధనము అక్కరలేదు. రాబోవు ఉత్సవమునకు మీరు చావడిలో కూడి ఆలోచించునప్పుడు, ముందుగా కడపటివరుసలోని మనిషిని తలచుకొనుడని నా మనవి.