ఆటస్థలములో దూషణ: శిక్ష ఏ మేరకు ఉండవలెను?

2019 ఫిబ్రవరిలో సెయింట్ లూసియాలో ఇంగ్లాండు, వెస్టిండీస్ జట్లు మూడవ టెస్టు ఆడుచుండగా ఒక సంగతి జరిగింది. వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ షానన్ గాబ్రియేల్ ఇంగ్లాండు కెప్టెన్ జో రూట్‌తో ఏదో అన్నాడు. ఆ మాట స్టంప్ మైకుకు అందలేదు. రూట్ ఇచ్చిన జవాబు మాత్రము అందింది. దానిని తిట్టుగా వాడవద్దని, స్వలింగ ఆకర్షణ కలిగియుండుటలో తప్పేమీ లేదని రూట్ అన్నాడు. తాను అన్నదేమిటో తరువాత గాబ్రియేలే ఒక ప్రకటనలో బయటపెట్టాడు. నన్ను చూచి ఎందుకు నవ్వుతున్నావు, నీకు మగవాళ్లంటే ఇష్టమా అని అడిగాడట. క్షమాపణ కూడ చెప్పాడు. అంతర్జాతీయ క్రికెట్ మండలి అతని మ్యాచ్ ఫీజులో 75 శాతము కోసి, నాలుగు వన్డేలు ఆడకుండ నిషేధించింది.

ఇటువంటి విషయము వేదాంత పత్రికలో ఎందుకని కొందరు చదువరులు అడుగవచ్చును. మన యౌవనస్థులు ఆదివారపు ప్రసంగముకంటె క్రికెట్ వ్యాఖ్యానమును శ్రద్ధగా వింటారు. ఇది మనమందరము ఎరిగినదే. అంతకంటె ముఖ్యమైన కారణము మరొకటి ఉన్నది. స్వలింగ సంపర్కమును గూర్చి సంఘము ఒక బోధ కలిగియున్నది గనుక, అటువంటివారిని ఎగతాళి చేయుటకు ఆ బోధే అనుమతి ఇచ్చినదని మన విశ్వాసులలో అనేకులు అనుకొనుచున్నారు. కాపరులు కొందరు అనుకొనుచున్నారని కూడ మేము చెప్పక తప్పదు.

మొదట శిక్షల సంగతి చూతము. గాబ్రియేలుకు పడిన నాలుగు వన్డేల నిషేధము నిజముగా ఆ ఒక్క మాటకు పడినది కాదు. ఆ మాటకు పడినవి మూడు డీమెరిట్ పాయింట్లు. పాత తప్పుల వలన అతని లెక్కలో అప్పటికే అయిదు ఉన్నవి. 24 నెలలలో మొత్తము ఎనిమిదికి చేరినందున నిబంధన ప్రకారము నిషేధము తనంతట తానే వచ్చింది. పాత లెక్క లేని ఆటగాడు అదే మాట అని ఉంటే ఫీజు పోగొట్టుకొని మరుసటి ఆటకు దిగి ఉండేవాడు.

అమెరికాలో జరిమానాల పద్ధతి మరింత విచిత్రముగా కనబడుతుంది. 2011 ఏప్రిల్‌లో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ ఒక రిఫరీని స్వలింగ సంపర్కులను కించపరచే మాటతో తిట్టినందుకు లక్ష డాలర్లు కట్టాడు. వినుటకు పెద్ద మొత్తమే. అయితే ఆ సీజనులో అతని జీతము సుమారు రెండు కోట్ల 48 లక్షల డాలర్లు. అంటే నూటికి అర్ధ రూపాయి కూడ కాదు. ధనవంతుడు కట్టగలిగిన జరిమానా శిక్ష కాదు, అది టిక్కెట్టు ధర. అయినను బ్రయంట్ విషయములో ఒక మంచి మాట చెప్పవలెను. 2013లో ట్విట్టర్‌లో ఎవరో అటువంటి మాటనే తిట్టుగా వాడినప్పుడు అది తగదని గద్దించినవాడు అతడే. ఆ మార్పు లక్ష డాలర్ల వలన వచ్చినదని మేము నమ్మము.

2015 డిసెంబరులో జరిగినది ఇంకను ఆలోచింపజేస్తుంది. రాజన్ రోండో అను ఆటగాడు బిల్ కెనెడీ అను రిఫరీని అదే రకపు మాటలతో దూషించి, ఒక ఆటకు నిషేధింపబడ్డాడు. కొద్ది దినములకే కెనెడీ తాను స్వలింగ ఆకర్షణ గలవాడనని బహిరంగముగా చెప్పాడు. ఆటస్థలములో ఈ మాటలు ఎక్కువగా తగిలేది ఎదుట నిలిచినవానికి కాదు. అతడు చాలాసార్లు అట్టివాడు కాడు, నవ్వి ఊరకుంటాడు. పక్కన నిలిచి పైకి ఏమీ చెప్పుకోలేని మూడవవానికే అవి తగులుతవి. చెవిటివానిని తిట్టకూడదని లేవీయకాండము 19:14 ఎందుకు ఆజ్ఞాపించుచున్నదో ఇక్కడ కొంత అర్థమగును. చెవిటివాడు వినడు, జవాబు చెప్పలేడు. అందుకే అతని పక్షమున ధర్మశాస్త్రము మాటలాడుచున్నది. జవాబు చెప్పలేని స్థితిలో ఉన్నవానికి కూడ ఈ వచనము వర్తించునని మా అభిప్రాయము.

ఈ విషయమును ఎక్కువగా పరీక్షించి చూచినది ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ లీగు. శతాబ్దము దాటిన ఆ లీగు చరిత్రలో, 2025 ఆగస్టులో మిచ్ బ్రౌన్ అను మాజీ ఆటగాడు తాను స్త్రీ పురుషులిద్దరి యెడల ఆకర్షణ గలవాడనని చెప్పువరకు, ఏ పురుష ఆటగాడును అటువంటి మాట బహిరంగముగా చెప్పలేదు. అదే లీగు 2024లో జెరెమీ ఫిన్లేసన్‌ను మూడు ఆటలకు, విల్ పవెల్‌ను అయిదు ఆటలకు నిషేధించింది. 2025 ఆగస్టులో అడిలైడ్ జట్టులోని ఐజాక్ రాంకిన్‌కు అయిదు ఆటలు అనుకొని, వైద్య కారణములు చూపినందున నాలుగుకు తగ్గించారు. ఆ యేడు పట్టికలో అగ్రస్థానమున నిలిచిన అడిలైడ్, అతడు లేకుండ ఫైనల్స్‌లో రెండు ఆటలు ఆడి రెండింటిలోను ఓడిపోయింది. శిక్ష జట్టంతటికి తగిలిందని అభిమానులు బాధపడ్డారు. జట్టు ఆటలో ఏ నిషేధమైనను అంతే గదా. చేతితో కొట్టినవానిని నిషేధించినప్పుడు ఈ ప్రశ్న ఎవరును వేయరు.

ఆ లీగులో మాకు నచ్చనిది వేరొకటి. 2024 మార్చిలో కోచ్ అలస్టేర్ క్లార్క్‌సన్ ఎదుటి జట్టు ఆటగాళ్లను ఇటువంటి మాటతోనే దూషించగా, 20 వేల డాలర్ల జరిమానాతోపాటు రెండు ఆటల నిషేధము వేసి, దానిని అమలు కాకుండ నిలిపి ఉంచారు. కొన్ని వారములకే అదే తప్పుకు ఆటగాడు మూడు ఆటలు కూర్చోవలసి వచ్చింది. బోధకులకు మరి కఠినమైన తీర్పు కలుగునని యాకోబు పత్రిక (3:1) చెప్పుచుండగా ఇక్కడ జరిగినది తలక్రిందులు. కుర్రవాళ్లు మాట నేర్చుకొనేది కోచ్ నోటినుండియే.

ప్రేక్షకుల నినాదముల సమస్య వేరు. మెక్సికో అభిమానులు గోల్‌కీపరుపై అరచే ఒక మాట కారణముగా ఆ దేశపు జట్టు 2021 సెప్టెంబరులో జమైకాతో ప్రపంచకప్ అర్హత ఆటను ఖాళీ స్టేడియములో ఆడింది. అయినను 2023 జూన్‌లో లాస్ వెగాస్‌లో అదే అరుపు వలన రిఫరీ ఆటను ముందుగా ముగించవలసి వచ్చింది. గుంపును శిక్షించుట ఎంత కష్టమో ఇది చూపుచున్నది.

ఇప్పుడు కాపరులు తప్పక అడిగే ప్రశ్నకు వత్తుము. ఇశ్రాయేల్ ఫోలౌ సంగతి ఏమిటి? ఈ ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాడు 2019 ఏప్రిల్‌లో 1 కొరింథీ 6:9-10ని అనుసరించి ఒక పోస్టు పెట్టి, స్వలింగ సంపర్కులతోపాటు త్రాగుబోతులు, వ్యభిచారులు మొదలైనవారికి నరకము కాచుకొని ఉన్నదని వ్రాశాడు. మే నెలలో అతని ఒప్పందము రద్దయినది. డిసెంబరులో ఇరుపక్షములు రాజీకి వచ్చినవి. గాబ్రియేల్ చేసినదియు ఫోలౌ చేసినదియు ఒకటేనని కొందరు, ఫోలౌ హింసింపబడిన సాక్షి అని కొందరు అంటారు. మేము ఈ రెండింటితోను ఏకీభవింపము. ఎదుటివానిని హీనపరచుటకు విసరిన మాట దూషణ. తాను నమ్మినదానిని చెప్పుట సాక్ష్యము. వీటికి ఒకే కొలత వేయరాదు. ఉద్యోగమునుండి పూర్తిగా తొలగించుట ఎక్కువ శిక్షయే అని మా తీర్పు. అయితే 11వ వచనము లేకుండ 9, 10 వచనములు చదివినవాడు పౌలు మాటను సగములో ఆపినవాడు. మీలో కొందరు అట్టివారై యుండిరని, కడుగబడిరని అపొస్తలుడు చెప్పినది ఆ సంఘమునకే గదా.

శిక్ష ఎంత ఉండవలెనను దానికి ద్వితీయోపదేశకాండము 25:1-3 మాకు మార్గము చూపుచున్నది. నేరమునకు తగినన్ని దెబ్బలే కొట్టవలెను, నలుబది దాటరాదు. కారణము కూడ అక్కడే ఉన్నది: దాటితే ఆ సహోదరుడు నీ దృష్టికి నీచుడగును. ఒకని నీచపరచినందుకు వేసే శిక్ష ఇంకొకని నీచపరచరాదు. అందుచేత జీవితకాల నిషేధములు, పత్రికలలో వారముల తరబడి బండకేసి కొట్టుట మాకు సమ్మతము కాదు. మూడు నుండి అయిదు ఆటల నిషేధము ముందే వ్రాసి పెట్టిన కొలతగా ఉండవలెను. వెంటనే ఒప్పుకొన్నవానికి తగ్గవలెను, రెండవసారి చేసినవానికి రెట్టింపు కావలెను, కోచ్‌కు ఆటగానికంటె ఎక్కువ ఉండవలెను. జరిమానా వేస్తే జీతములో భాగముగా వేయవలెను. మైకు వినని చోట సాక్షులు ఇద్దరు ముగ్గురు ఉండవలెనన్న పాత నియమము (ద్వితీ. 19:15) ఇక్కడ కూడ మంచిదే, కోపముతో చేసిన ఫిర్యాదులు ఉండకపోవు.

ప్రభువు కొండమీది ప్రసంగములో (మత్తయి 5:22) కోపమునుండి మాటకు, ఒక మాటనుండి మరొక మాటకు తీర్పును పెంచుకొంటూ పోయెను. వ్యర్థుడా అన్నది ఆ దినములలో వీధిలో అందరూ అనే మాటయే. అందరూ అంటారు గదా అన్న సాకును ఆయన ఒప్పుకొనలేదు.

కొన్ని సంవత్సరముల క్రితము మా పాస్టరేట్‌లో క్రిస్మస్‌కు యౌవనస్థుల క్రికెట్ పోటీ పెట్టాము. ఒక బాలుడు సులువైన క్యాచ్ వదిలాడు. గాజులు తొడుక్కో అని ఒకడు అరిచాడు. మరొకడు ఇంకా నీచమైన మాట అన్నాడు, చదువరులకు తెలిసిన మాటే. గట్టుమీద కుర్చీలలో పెద్దలు నవ్వారు. మేమును నవ్వాము. ఆ బాలుడు తరువాతి ఆదివారము కాయిర్‌కు రాలేదు. ఇల్లు వెదకుకొంటూ వెళ్లినప్పుడు వాళ్లమ్మ, వాడికి ఒంట్లో బాగాలేదు అయ్యగారూ అని గుమ్మములోనే నిలబడి చెప్పింది.